తడకల నడుమ దారి

పోయిన వారం మేముండే షాద్‌నగర్ అపార్టుమెంటులో లిఫ్టు ఆగిపోయింది. కూరగాయల సంచితో మెట్లెక్కుతున్న నాకు, పై అంతస్తులో కిరాయికి ఉండే అమ్మాయి ఎదురైంది. నెలలు నిండుతున్న మనిషి, ఒక చేత్తో ఇనుప కడ్డీని పట్టుకుని, రెండో చెయ్యి నడుముకు ఆనించుకుని, మెట్టు మెట్టుకూ ఆగి ఊపిరి తీసుకుంటూ దిగుతోంది. నేను సంచిని అక్కడే గోడవారన పెట్టి, ఆమెకంటే ఒక మెట్టు కింద నిలబడి భుజం అందించాను. పర్వాలేదు ఆంటీ అంటూనే ఉంది కాని, కిందికి చేరేదాకా నా భుజం మీంచి చెయ్యి మాత్రం తియ్యలేదు. ఆ సాయంత్రం దీపం ముట్టించి దేవుని ముందు కూర్చుంటే మంత్రం మీద మనసు నిలవలేదు. ఎడమ చీలమండను నిమురుకుంటూ, ఆత్మకూరు పక్కన మా అత్తగారి ఊళ్లో, ఒంటి కాలి మీద నేను గడిపిన ఆ చలికాలంలోకి వెళ్లిపోయాను.

తెలంగాణ వచ్చిన తొలి ఏళ్ల సంగతి అది. నా పుట్టిల్లు నార్కట్‌పల్లి దిక్కు. మా బాపు గొర్రెల మందతో ఊరూరూ తిరిగేవాడు, మేమూ వెంట తిరిగేవాళ్లం కనుక బడి అనేది నాకు తెలియదు. మంద నీడకు పండుకున్న మధ్యాహ్నాల్లో బాపే కర్రపుల్లతో ఇసుకలో అక్షరాలు రాసి దిద్దించాడు, దేవుని కథలు కూడబలికించాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. పెళ్లయి వచ్చింది కూడా గొర్రెలున్న ఇంటికే. రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ నాలుగో నెల దాటకుండానే పోయింది. నా ఈడు ఆడవాళ్లకు ఆ బాధ గురించి నేను విడమరచి చెప్పనక్కర్లేదు. మూడోసారి నిలిచి ఎనిమిదో నెలలో పడేసరికి, ఇంట్లో ఎవరూ ఆ మాటను గట్టిగా అనడానికి కూడా భయపడేవాళ్లు.

వరికోతలయ్యాక మామయ్య, మా ఆయన మందను తోలుకుని కృష్ణా నది అవతలికి వెళ్లిపోయారు. అక్కడి రైతులు ఎరువు కోసం తమ మడుల్లో మందను పండబెట్టించుకుంటారు, మళ్లీ వానలు దగ్గరపడితే గాని మావాళ్లు తిరిగి రారు. ఇంట్లో అత్తమ్మ, నేను, ఒక బర్రె, తల్లిపాలు మానిన గొర్రెపిల్లలు కొన్ని మిగిలాం. ఒక పొద్దున బర్రెకు కుడితి పెట్టి వస్తుంటే, తొణికిన కుడితి మీద కాలు పడి వాకిట్లోని నున్నటి బండ మీద జారాను. రెండు చేతులూ కడుపు మీదికే పోయాయి, ఎడమ పాదం మాత్రం నా బరువు కింద మడతపడి పుల్ల విరిగినట్టు చప్పుడైంది. నొప్పి తరువాత తెలిసింది. ముందు తెలిసింది భయమే. కూర్చున్నచోటనే కళ్లు మూసుకుని, లోపలి బిడ్డ కదిలేదాకా మల్లన్నను తలుచుకుంటూ ఉండిపోయాను. కదిలింది. కదిలాకే ఏడ్చాను.

అత్తమ్మ పరుగెత్తుకొచ్చి, ముందు నా కడుపును, తరువాత కాలును తడిమి చూసి, లోపలికి వెళ్లి వెదురు బద్దలు, పసుపు, పాత గొంగడి పేలికలు పట్టుకొచ్చింది. మా ఇళ్లల్లో కాలు విరిగిన గొర్రెకు కట్టే కట్టు అది, ఆమె చేతి మీదుగా ఎన్ని గొర్రెలు లేచి నడిచాయో. నాకూ అదే కట్టు బిగించింది.

"మొన్న ఎర్రగొర్రెకు గిట్లనే కట్టిన, నెల తిరగకముందే ఉరికింది," అంది.

"నేను గొర్రెను గాను గదా అత్తమ్మా."

"గొర్రెవైతే గిన్ని మాటలు మాట్లాడకపోదువు. ఊకో."

సాయంత్రానికి కాలివేళ్లు నీలంగా మారాయి. నిండు నెలల్లో కాళ్లకు నీరు దిగుతుందన్న సంగతి ఇద్దరికీ తోచలేదు. అత్తమ్మ ఆ వేళ్లను చూసి కట్టు విప్పేసి, వీధిలోకి వెళ్లి ఆటోను పిలుచుకొచ్చింది. తన కట్టు మీద తనకెంత నమ్మకమో నాకు తెలుసు కనుక, ఆ విప్పిన చేతులకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాను.

దవాఖానలో కడుపు మీద బరువైన సీసపు బట్ట కప్పి ఎక్స్‌రే తీశారు. ఎముక విరిగింది గాని పక్కకు జరగలేదు, ఈ నెలల్లో ఆపరేషన్ వద్దు, పిండికట్టు వేస్తాం, కాలు నేల మీద మోపకూడదు అని చెప్పారు. కాన్పుల డాక్టరమ్మ బిడ్డ గుండె చప్పుడు నాకు వినిపించి, తరువాత నా కళ్లల్లోకి చూస్తూ ఒక మాట చెప్పింది. కాలు అతుక్కుంటుంది, బిడ్డ బాగుంది, కాని ఇంకొకసారి పడితే మాత్రం తను ఏ మాటా ఇవ్వలేనంది. ఆటోలో తిరిగివస్తూ నేను మనసులో గట్టి చేసుకున్నది ఒక్కటే. కాన్పయ్యేదాకా పడకూడదు. ఎట్లా లేస్తాను, ఎట్లా నడుస్తాను అన్నవన్నీ ఆ తరువాతి సంగతులు.

కబురందుకుని మర్నాడే మా అమ్మ దిగింది. నన్ను పుట్టింటికి తీసుకుపోవడానికి మెత్తటి బొంత కూడా వెంట తెచ్చుకుంది.

"తొలి కాన్పు తల్లిగారింట్ల గాక ఈడ జేస్తే మా ఊళ్లె నా మొకం మీద ఊంచరా వదినె?"

"ఊంచితే తుడుసుకుందువు తియ్యి," అంది అత్తమ్మ. "గంత దూరం పిల్లను బండ్లె ఎగిరేసుకుంట తీస్కవోతవా? దాని కడుపు ముఖ్యమా, నీ ఊరోళ్ల నోళ్లు ముఖ్యమా?"

అమ్మ ఆ పూట మూతి ముడుచుకుని కూర్చుంది. తెల్లారి మాత్రం, తెచ్చిన బొంతను నా మంచం మీదనే పరిచి, కొంగు దోపుకుని వంటింట్లోకి నడిచింది. కూతురి అత్తగారింట్లో అన్ని రోజులు ఉండిపోవడం ఆ తరం తల్లులకు ఎంత నామోషీయో తెలిసినవాళ్లకే తెలుస్తుంది. ఆ నామోషీని బొంతతోపాటు నా కింద పరిచేసిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

దవాఖాన వాళ్లు పట్టుకుని నడవడానికి నాలుగు కాళ్ల చట్రం ఒకటి ఇచ్చారు గాని, దాన్ని ముందుకు జరిపినప్పుడల్లా కడుపు బరువు దానికంటే ముందుకు పోయేది. గడప దగ్గర ఒకసారి అది ఒరిగితే, అమ్మ జాకెట్టు పట్టుకుని లాగబట్టి బతికిపోయాను. మరుగుదొడ్డేమో వాకిలికి ఆ చివరన ఉంది. లోపల కూర్చోవడానికి అత్తమ్మ ప్లాస్టిక్ కుర్చీకి కాల్చిన కొడవలితో నడుమ బొక్క చేసి పెట్టింది. కాని అక్కడిదాకా చేరేదెట్లా? ఇద్దరూ చెరో రెక్క పట్టుకుంటే ఒకరు ఇటు, ఒకరు అటు గుంజేవాళ్లు. పైగా అటు తిరిగీ ఇటు తిరిగీ పోట్లాడుకునేవాళ్లు.

మంచం మీద పడుకుని కొట్టం వైపు చూస్తుంటే నాకే తట్టింది. కొట్టం మీద పాత తడకలు పేర్చి ఉన్నాయి. ఇప్పుడంతా నైలాన్ వలలు వచ్చాయి గాని, మా చిన్నప్పుడు మందను ఆపడానికి వెదురు తడకలే. గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించేటప్పుడు వాటినే రెండు వరుసలుగా నిలబెట్టి, నడుమ సందులోంచి ఒక్కొక్కదాన్నే పోనిస్తాం. నాకూ అట్లాంటి సందు కట్టండి, రెండు పక్కలా పట్టుకుని నేనే పోతానన్నాను. అత్తమ్మ నన్ను తేరిపార చూసి నిచ్చెన వేసింది. పొద్దుగూకేలోగా గుంజలు పాతి, నడుం ఎత్తున తడకలు కట్టి, గడప నుంచి మరుగుదొడ్డిదాకా ఇద్దరూ కలిసి దారి తయారు చేశారు. రెండు పక్కలా చేతులానించి, కుడికాలితో చిన్నగా ఎగురుతూ, ఎవరి రెక్కా పట్టుకోకుండా నేను వెళ్లివచ్చాను. పక్కింటావిడ గోడ మీదుగా తొంగిచూసింది.

"ఏం వదినె, కోడలికి నట్టల మందు తాపుతున్నవా?"

"దానికి గాదు, నీ నోటికి. రా, వరుసల నిలవడు," అంది అత్తమ్మ.

రోజులు కుదుటపడ్డాయి. పొద్దున్నే అమ్మ దీపం నా మంచం దగ్గరికే తెచ్చేది. నిలబడి దండం పెట్టలేని నేను కూర్చునే పెట్టుకునేదాన్ని. నడిపించమని ఏనాడూ అడగలేదు, ఈ రోజు పడనివ్వకు స్వామీ అని మాత్రం అడిగేదాన్ని. ఊరికే కూర్చోవడం ఇష్టంలేక ఉన్ని వడికాను, చింతపండు గింజలు తీశాను, ఇద్దరు తల్లుల మధ్య తీర్పులు చెప్పాను.

ఒక మధ్యాహ్నం అత్తమ్మ గడ్డికి పోయింది. వియ్యపురాలింట్లో ఉట్టిగా తింటున్నానన్న బాధ అమ్మకు ఎప్పుడూ ఉండేది కనుక, గొర్రెపిల్లలకు వేపరొట్ట వేసే పని తనమీద వేసుకుంది. పిల్లల పాక మరుగుదొడ్డిని ఆనుకునే ఉంది. నేను తడకల నడుమ సగం దూరం వచ్చాను. అమ్మ నన్ను చూడకుండా పాక తలుపు తీసింది. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గొర్రెల మధ్య బతికిన ముగ్గురు ఆడవాళ్లం, ఒక్కరికీ ఆలోచన రాలేదు చూడండి. రెండు తడకల నడుమ సందు కనబడితే గొర్రెపిల్ల ఇంకోవైపు చూడదు. ఒకటి దూరింది, దాని వెనక మొత్తం దూరాయి. తలలు వంచుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ నా మీదికే వస్తున్నాయి.

వెనక్కి తిరిగి ఎగరడానికి వ్యవధి లేదు. కుడిపక్క తడక వాటి తాకిడికి గుంజ నుంచి ఊడి ఊగిసలాడింది. ఆ క్షణంలో నాకు తోచింది ఒక్కటే, కూర్చున్న మనిషి పడదు. ఎడమ గుంజను రెండు చేతులా వాటేసుకుని, వాటికి వీపు తిప్పి, పిండికట్టు కాలును ముందుకు చాపుకుని, చేతులు కిందికి జార్చుకుంటూ నేల మీదికి దిగాను. దిగేటప్పుడు తొందరపడలేదు. అవి వీపును రుద్దుకుంటూ, నా కాలు మీంచి గెంతుతూ, ఇంట్లోకి పోయి బియ్యం చాటలో మూతులు పెట్టాయి.

అమ్మ కేక విని అత్తమ్మ గడ్డిమోపు వీధిలోనే పడేసి వచ్చింది. ఒకరు వెనక నుంచి చంకల కింద చేతులు వేసి, ఒకరు కాలును పట్టుకుని, నన్ను లేపి మంచం మీదికి చేర్చారు. అన్నాళ్లలో ఆ ఇద్దరూ ఒకే దిక్కుకు లాగడం అదే మొదలు. అత్తమ్మ బెల్లం నీళ్లు తాగించింది. ఇద్దరి అరచేతులూ నా కడుపు మీద పక్కపక్కనే ఉన్నాయి. ముగ్గురమూ బిడ్డ కదలిక కోసం కనిపెట్టుకుని కూర్చున్నాం. ఇంట్లోంచి గొర్రెపిల్లలు బియ్యం నమిలే చప్పుడు వినబడుతున్నా ఎవరూ లేవలేదు. అప్పుడు బిడ్డ తన్నింది, ఆ రెండు చేతులూ ఒక్కసారే ఉలిక్కిపడ్డాయి.

"నా తప్పే వదినె," అంది అమ్మ.

"నీది గాదు, నాది గాదు. గొర్రెల బుద్ధి గొర్రెలకున్నది, మనకే లేకపాయె," అంటూ అత్తమ్మ కొంగుతో ముందు అమ్మ కళ్లే తుడిచింది.

ఆ సాయంత్రమే దారికి రెండు కొసలా, తీసి మూసేట్టుగా, చిన్న తడకలు అడ్డం కట్టారు. ఇక ఏ పొరపాటూ జరగలేదు. నెలలు నిండాక ఒక ఉదయం నొప్పులు మొదలైతే అంబులెన్సు వచ్చింది. కాలు మోపలేని మనిషి కాన్పు ఎట్లా అవుతుందోనని నర్సమ్మలు కంగారుపడుతుంటే, డాక్టరమ్మ అత్తమ్మను లోపలికి రానిచ్చింది. పిండికట్టు కాలును తన భుజం మీద మోసుకుని, బిడ్డ పుట్టేదాకా అత్తమ్మ నిలబడే ఉంది. ఆడపిల్ల. ఏడుపు వినగానే నాకు వచ్చిన మొదటి ఆలోచన, అమ్మయ్య, ఇక నేను పడినా ఫర్వాలేదని. మా ఆయన మందను వదిలి, గొంగడి వాసనతో వచ్చి నిలబడేసరికి బిడ్డ మా అమ్మ ఒళ్లో నిద్రపోతోంది. కొద్దిరోజులకు పిండికట్టు కోసేశారు. సన్నగా, తెల్లగా, ఎవరిదో అన్నట్టున్న ఆ పాదాన్ని అమ్మ నువ్వులనూనెతో మర్దన చేసి మళ్లీ నాదిగా చేసింది.

ఇప్పుడు మంద లేదు. మామయ్య పోయాక అమ్మేశాం. మా ఆయన ఇక్కడి కంపెనీలో పనిచేస్తున్నాడు, అత్తమ్మ మాతోనే ఉంటోంది, బిడ్డ తన బ్యాగు తనే మోసుకుని బడికి పోతోంది. దవాఖానలు దగ్గరయ్యాయి, బండ్లు పిలిస్తే పలుకుతున్నాయి, దేవుని దయవల్ల దేనికీ కొరత లేదు. కాని ఈ రోజుల్లో కాన్పయిన ఇంటికి చుట్టాలు వచ్చి పండ్ల సంచి పెట్టి, గంటలో లేచిపోతున్నారు. పని మానుకుని, పరువు పక్కన పెట్టి, నెలల తరబడి ఒకరి గడపలో ఉండిపోయే తీరిక ఎవరికీ లేదు, నాకూ లేదు. అమ్మ పోయి మూడేళ్లవుతోంది. అత్తమ్మ ఒక్కోసారి అన్నం ముందు కూర్చుని, కూరలో ఉప్పు ఎక్కువైందని గొణిగి, నేను బదులు చెప్పకపోతే చిన్నబోతుంది.

"మీ అమ్మ ఉంటే గిప్పటికి నాతోని లొల్లి వెట్టుకునేది," అని, ఆ కూరే మరికాస్త వడ్డించమంటుంది.