గుట్ట మీద లీడరెవరు

ఉస్తాద్ పోయారని మొన్న పొద్దున ఫోన్ వచ్చింది. చేసింది మేస్త్రన్న, ఒకప్పుడు నాతో రేసు సైకిల్ తొక్కినవాడు.

తొంభైలలో చిక్కడపల్లిలో ఉస్తాద్‌ది సైకిల్ షాపు. బాగుచేసిన చక్రాన్ని తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని వినేవారు. అక్కడికి గాలి కొట్టించుకోవడానికి వెళ్లి ఆయన జట్టులో ఇరుక్కున్నవాళ్లలో నేనొకణ్ణి.

ఏటా అనంతగిరి గుట్టల మీద ఒక్కరోజు పందేనికి ఐదుగురం వెళ్లేవాళ్లం. అందులో ఒకడు లీడరు. మిగతావాళ్లు అతనికి ఎదురుగాలి తగలకుండా ముందు తొక్కాలి. ఒక ఏడు లీడరు స్థానానికి పోటీ ఇద్దరి మధ్యే: అశోక్‌నగర్‌లో ఆఫీసరుగారబ్బాయినైన నేను, పాలమూరు నుంచి వచ్చి అంబర్‌పేట్ బస్తీలో ఉంటూ గోడలు కట్టే మేస్త్రన్న.

ఉస్తాద్ పరీక్ష విచిత్రం. నౌబత్ పహాడ్ ఎత్తు మూడుసార్లు ఎక్కించి, పైన నిలబడి "ఇంట్ల ఇయ్యాల ఏం కూర?" అని అడిగేవారు. ఆయాసం లేకుండా చెప్పినవాడే లీడరు. నేను "బెండకాయ వేపుడు" అని గడగడా చెప్పేశాను. మేస్త్రన్నకు మాటే రాలేదు. ముందురోజంతా స్లాబు పని చేసొచ్చానని అతను చెప్పలేదు.

"లీడర్ని చేసిన గని, కాళ్లు పోతే నోటితోని చెప్పాలె. తోటోనికి దారియ్యాలె" అన్నారు ఉస్తాద్.

పందెంలో చివరి గుట్ట సగంలో నా కాళ్లు పోయాయి. "ఎట్లున్నది తమ్మీ?" అని మేస్త్రన్న రెండుసార్లు వెనక్కి చూశాడు. "బాగుంది, పద" అన్నాను. అతను నా కోసం ఆగి ఆగి తొక్కాడు. ఎవరెవరో మమ్మల్ని దాటిపోయారు. అతను గెలవాల్సిన పందేన్ని నా పొగరు మింగేసింది. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గే.

ఉస్తాద్ తిట్టలేదు. "కాళ్లు అందరియి పోతయ్ బిడ్డా. నోరెందుకు పోయింది?" అన్నారు. మేస్త్రన్న వైపు తిరిగి, "స్లాబు సంగతి నువ్వు గూడ చెప్పలే. ఇద్దరికిద్దరు సరిపోయిన్రు" అన్నారు.

మరుసటి ఏడు నేనే షాపుకు వెళ్లి, "ఈసారి మేస్త్రన్నని పెట్టండి. నేను ముందుండి లాగుతాను" అన్నాను.

ఉస్తాద్ తలెత్తలేదు. "గుట్ట కిందికి వచ్చేసరికి నీ పని ఖతం. ఎన్క ఒక్కనివే ఎక్కాలె. ఎక్కుతవా?"

"ఎక్కుతాను."

"దిగి నడుసుడు లేదు మల్ల."

నెలల తరబడి, వానలో కూడా, సాధనకని నారాయణగూడ చౌరస్తా తెల్లవారకముందే దాటేవాణ్ణి. పందెం రోజున ఒళ్లు దాచుకోకుండా లాగాను. గుట్ట మొదట్లో, "నా కాళ్లయిపోయాయి అన్నా, నువ్వు పో" అన్నాను. ఆ మాట అనడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. మేస్త్రన్న వెళ్లిపోయాడు. నేను దిగలేదు. పళ్లు బిగించి తొక్కాను.

పైన మైకులో మేస్త్రన్న పేరు వినబడింది. ఆఖరి మలుపు తిరిగేసరికి జనమంతా అతనికి దండలు వేస్తున్నారు. ఉస్తాద్ ఒక్కరే అటు వీపు పెట్టి, చేతిలో నీళ్ల సీసాతో, నేనొచ్చే దారికేసి చూస్తూ నిలబడి ఉన్నారు.