ముల్లు ఇరుక్కున్న చోట

దయ్యాలు లేవని నేను ఈనాటికీ అంటాను. మా ఆయన దినాల నాడు పిట్టకు పెట్టిన బువ్వను ఏ పిట్టా ముట్టలేదని అందరూ ఎండలో నిలబడి ఏడుస్తుంటే, "దానికి కడుపు నిండినట్టున్నది, మనం తిందాం పాండ్రి" అన్నదాన్ని నేను. ఆ మాటకు చుట్టాలు చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నాకేం చింత కలగలేదు.

అరవై దాటాక, మహిళా సంఘం వాళ్లు పెట్టిన బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. కాబట్టి ఇందులో సొగసు వెతకొద్దు. కామారెడ్డిలో పట్టపగలు, నలుగురి ముందు నాకు జరిగింది రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగానే ఉంది.

మాది ఎల్లారెడ్డి. మా ఆయన రాములుకు మైకు సెట్టు ఉండేది. అటు పిట్లం, ఇటు రామారెడ్డి దాకా పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు. రికార్డులు చాలా ఉండేవి గానీ బరాత్‌లో, పెళ్లి ఊరేగింపులో, జనం అడిగేది ఒక్కటే. దాన్ని మా వాడకట్టు ఖాజా భాయ్ దుబాయి నుంచి తెచ్చాడు. ఆయన పనిచేసిన ఇంట్లో పారేస్తుంటే, చెత్తలో పోనీయలేక పెట్టెలో వేసుకుని వచ్చాడట. చిన్న రికార్డు. అమెరికాలో ఎవరో నల్లజాతి ఆమె పాడింది. ఆ భాష మాలో ఎవరికీ రాదు. అయినా ఆ పాట పెడితే ముసలివాళ్లు కూడా లేచేవాళ్లు.

ఆ రికార్డులో ఒకచోట గీత ఉండేది. అక్కడ రికార్డు తిప్పే మిషను ముల్లు ఇరుక్కుని, పాడిన ముక్కనే మళ్లీ మళ్లీ పాడేది. చేత్తో లేపితే గీత పెద్దదవుతుందని మా ఆయన భయం. అందుకని మిషను ఉన్న బల్ల పక్కన నిలబడి, ఎడమ భుజం పైకి ఎత్తి, కుడికాలితో నేలను గట్టిగా తొక్కేవాడు. బల్ల అదిరి ముల్లు ముందుకు దూకేది. ఆడేవాళ్లు అది చూసి, ఆ పాటకు ఆటే అట్లా ఉంటుందనుకున్నారు. ముల్లు ఇరుక్కోగానే బరాత్ మొత్తం ఆగి, భుజం ఎత్తి, ఒక్కసారిగా నేలను తొక్కేది. ఒకసారి పిట్లంలో ఎందుకో ముల్లు ఇరుక్కోకుండా పాట సాఫీగా నడిచింది. పెళ్లికొడుకు మేనమామ మా ఆయన మీదికి వచ్చాడు. "మా పెండ్లికి అసలు పాట వెయ్యకుంట నకిలీది ఏస్తవా?" అని.

నేను మాత్రం ఏనాడూ ఆడలేదు. నా ఆడబిడ్డ రాజవ్వ ఆడేది. అన్న నేలను తొక్కితే చెల్లె తొక్కేది.

ఈ రాజవ్వ గురించి చెప్పాలి. ఆమెకు శిగం వస్తుంది, అమ్మవారు ఒంటి మీదికి వస్తుంది. ఎల్లమ్మ పండుగకు డప్పు మోగగానే జుట్టు విరబోసుకుని ఊగుతుంది. జనం పసుపు బండారి పూసి, కాళ్లు మొక్కి, పిల్లల సంగతులు, పంటల సంగతులు అడుగుతారు. నాకది నటన అనిపించేది. పోయిన పండుగకు అందరి ముందూ అనేశాను. "రాజవ్వా, ఇగ చాలు తియ్యి. కాళ్లు నొస్తయి, కూసో" అన్నాను. కొందరు నవ్వారు. ఊగుతున్న మనిషి టక్కున ఆగి, కొంగు సర్దుకుని ఇంటికి పోయింది. ఆ రోజు నుంచి ఆమెను అడగడానికి ఎవరూ రాలేదు. మంగళవారం నాడు అడగవచ్చినవాళ్లు ఆమె గడప ముందు విడిచే చెప్పులు కనిపించకుండా పోయాయి. అబద్ధాన్ని ఆపానని నేను గర్వంగా తిరిగాను.

తర్వాత హైదరాబాదు నుంచి వినయ్ అనే పిల్లవాడు వచ్చాడు. పాత మైకు సెట్ల వాళ్ల ఇళ్లు తిరిగి రికార్డులు వెతకడం అతని పని. మా అటుక మీది ఇనుప పెట్టెలో ఖాజా భాయ్ తెచ్చిన రికార్డు కనిపించగానే నేల మీద కూలబడ్డాడు. అటువంటి వాటిని సోల్ పాటలు అంటారట. పాడినామె తన జీవితంలో ఆ ఒక్క రికార్డే చేసిందట, అది అమ్ముడుపోలేదట. ఇప్పుడు దాని కోసం దేశదేశాల వాళ్లు వెతుకుతున్నారట. ఆమె బిడ్డల అనుమతి తీసుకుని దాన్ని మళ్లీ అచ్చు వేయిస్తానన్నాడు. "ఆమెకు తన ఊర్లో దొరకని బరాత్ ఎల్లారెడ్డిలో దొరికిందమ్మా" అన్నాడు. నాకు ఆ మాట నచ్చింది, రికార్డు ఇచ్చాను.

కొత్త రికార్డు వచ్చాక, ఆ పాటకు ఆడిన పాతవాళ్లందరినీ పిలిచి కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో పగటిపూట వినిపించాడు. అట్ట మీద తెలుగులో "మైకుసెట్టు రాములు" అని వేయించాడు. మా ఆయన బతికి ఉండగా ఆయన పేరు నేను చదవలేకపోయాను. అక్కడ కుర్చీలో కూర్చుని కూడబలుక్కుని చదివాను. రాజవ్వ కూడా వచ్చింది. వెనక కుర్చీలో కూర్చుంది. మేం మాట్లాడుకోలేదు.

పాట పెట్టారు. ముసలివాళ్లు లేచారు. గీత ఉన్న చోటు రాగానే అందరూ భుజాలు ఎత్తి ఆగారు. పాట ఆగకుండా ముందుకు పోయింది. వినయ్ కంప్యూటరులో ఆ గీతను తీసేయించాడట. ఎత్తిన భుజాలు ఎత్తినట్టే ఉండిపోయాయి.

"ఏందిది, పాట ఖరాబు చేసిండు" అన్నాడొకాయన.

వినయ్ మొఖం మాడిపోయింది. "బిడ్డా, నువ్వు మంచిగ చేసినవు. గందుకే చెడింది" అన్నాను. అందరూ నవ్వి, ఇంకోసారి పెట్టమన్నారు.

రెండోసారి అదే చోట ముల్లు ఇరుక్కుంది.

నేను విన్నాను. అందరూ విన్నారు. ఆమె ఆ ముక్కనే మళ్లీ మళ్లీ పాడుతోంది. వినయ్ కంగారుగా మిషను దగ్గరికి వెళ్లాడు. "రాములన్న లేకపాయె, ఇగ ఎవరు తొక్కాలె?" అని ఎవరో అన్నారు. నా చేతికర్ర కుర్చీకి ఆనించి ఉండటం చూశాను. అరికాలు ఒక్కసారి చురుక్కుమంది. నాకు గుర్తున్నది అంతే.

మళ్లీ తెలివి వచ్చేసరికి నేను హాలు నడుమ నిలబడి ఉన్నాను. కొంగు జారింది, కొప్పు ఊడింది, ఒళ్లంతా చెమట. నా మోకాళ్లు అరిగిపోయి ఏళ్లయింది, కర్ర లేకుండా మంచం కూడా దిగలేను. ఒకాయన చేతులు జోడించి నా ముందు నిలబడ్డాడు. "రాములన్నా, నువ్వేనా?" అని అడుగుతున్నాడు. వెనక నుంచి నా పేరు పెట్టి "లచ్చవ్వకు శిగమొచ్చింది" అంటున్నారు. అంతమంది మగవాళ్ల ముందు అట్లా నిలబడి, నేల చూశాను.

రాజవ్వ వచ్చి కొంగు నా భుజం మీద కప్పింది. జుట్టు దగ్గరికి తీసి కొప్పు వేసింది. ఆమె శిగం దిగినప్పుడు అందరూ ఆమెకు చేసే పనులు అవి. ఆ రోజు ఆమె నన్ను ఏమైనా అనొచ్చు. అంటే పడవలసిందాన్నే. ఆమె జనం వైపు తిరిగి, "ఏం శిగం లేదు, ఏం లేదు. పాట మంచిగున్నది, మా వదినె ఆడింది. పోండ్రి, బువ్వ తినుండ్రి" అంది.

శిగాన్ని నమ్మే మనిషి నా కోసం శిగం లేదని అబద్ధం ఆడింది.

భోజనాలయ్యాక వినయ్ భూతద్దం పెట్టి రికార్డు చూశాడు. గీత లేదు. మళ్లీ పెట్టాడు, ఎక్కడా ఇరుక్కోలేదు. అప్పుడు, వేదిక పక్కన నిలబెట్టిన ఫోనులో పట్టిన వీడియో పెట్టాడు.

వీడియోలో పాట ఆగలేదు. ఆ చోటు దాటి సాఫీగా పోయింది. కానీ మేమంతా ఆగి, ముల్లు ఇరుక్కున్నప్పుడు చూసినట్టు మిషను వైపు చూస్తున్నాం. వినయ్ కంగారుగా లేచాడు. పాట తన దారిన తాను పోతోంది. అప్పుడు నేను కర్ర లేకుండా లేచాను. ఎడమ భుజం ఎత్తి, కుడికాలితో నేలను తొక్కాను. అందరూ చప్పట్లు కొట్టి ఆడటం మొదలుపెట్టారు. కాసేపటికి వీడియోలో పాట అయిపోయింది. మేం ఆగలేదు. పాట లేని హాల్లో, అందరం ఒక్క తాళానికి, ఒక్కలాగే అడుగులు వేస్తూ ఆడుతున్నాం. కాళ్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. ముల్లు ఇరుక్కుని ఎంతసేపు ఆగిందని మాకు అనిపించిందో, సుమారు అంతసేపు ఆడి, అందరం ఒక్కసారే ఆగాం. మా చెవుల్లో పాట అప్పటికి అయిపోయిందన్నమాట.

వినయ్ ఫోను బోర్లా పెట్టాడు.

నా ఒక్కదానికే అయితే వయసు అనుకుందును, మతిభ్రమ అనుకుందును. అంతమందికి లేని చప్పుడు ఎట్లా వినిపించింది? ఏనాడూ ఆడని నాకు మా ఆయన లాగా భుజం ఎత్తడం ఎట్లా వచ్చింది? వినయ్ చదువుకున్నవాళ్లను అడిగాడు. వాళ్లు తలా ఒకటి చెప్పారట, అతనికీ సరిపడలేదు. ఇప్పటికీ నేను దయ్యం అనను. ఏమనాలో మాత్రం తెలియదు.

రెండు రోజులకు రాజవ్వ ఇంటికి పోయాను, అన్న మాట వెనక్కి తీసుకుందామని. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి, "ఏంది వదినె, గట్ల నిలబడ్డవు? కాలు నొస్తున్నదా? కూసో" అంది.

అవే మాటలు. నేను ఆమెను అందరి ముందు అన్న మాటలు. ఆమె నోట్లో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే నా కాలి గురించి అడిగింది. కూర్చున్నాను. చుట్టిన బీడీలకు దారం కట్టి ఇచ్చాను. అనాలనుకున్న మాట రాలేదు. చీకటి పడేముందు లేచి వచ్చేశాను.

నోటితో రాలేదు కాబట్టి ఇట్లా రాశాను. రాజవ్వా, నువ్వు నటించలేదు. నాకు తెలియని దాన్ని తెలిసినట్టు నలుగురిలో అన్నాను.

రాజవ్వకు చదువు రాదు. ఎల్లమ్మ పండుగ దగ్గరికొచ్చింది. ఆ నలుగురూ కూడినప్పుడు ఇది ఆమెకు నేనే చదివి వినిపించాలి.