మెరుపక్క కూర్చుంది

మెరుపక్క ఇంట్లో స్నానాల గది కుళాయి ముందు నిలబడి తల దువ్వుకోవచ్చు. తలుపు గొళ్ళెం, గరిటె కాడ, కిటికీ చువ్వలు, ఆఖరికి చెత్తబుట్ట మూత కూడా మెరుస్తూనే ఉంటాయి. చేతిలో గుడ్డముక్క లేకుండా ఆవిడని చూసినవాళ్ళు లేరు. మొగుడు దర్జీ, నెమ్మదస్తుడు. కుట్టుమిషను ముందు కూర్చున్నాడంటే ఆకలేస్తే తప్ప లేవడు. నేను కాస్త ఎక్కువసేపు కదలకుండా ఉంటే నన్ను కూడా తోమేస్తుంది అని బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళతో చెబుతుంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఒకసారి ఆయన కునుకు తీస్తుంటే కళ్ళజోడు లాగి తుడిచి, మళ్ళీ పెట్టబోయి ముక్కు గీరింది.

కూర్చోవడం అన్నది ఆవిడకి పుట్టుకతోనే రాలేదు. బడిలో వేస్తే రెండో పలక పగిలేలోపే పంతులమ్మ చేతులెత్తేసి ఇంటికి పంపేసింది. పెద్దయ్యాక బట్టల కొట్లో చేరింది, ఆసుపత్రి వరండాలు తుడిచింది, పెట్టెల ఫ్యాక్టరీలో మేకులు కొట్టింది. ఎక్కడా కుదురు లేదు. చివరికి విశ్వవిద్యాలయంలో, ఇంజనీరింగు చదువుల మధ్య, లోహాల శాఖలో నేల తుడిచే పనికి వచ్చింది. తుడవమన్నది నేల. నేల అయిపోయాక ఆవిడ తలుపుల పిడులు పట్టుకుంది. శాఖ పెద్దని అందరూ లోహాల మాస్టారు అంటారు. ఆయన ఒకనాడు తన గది తలుపు పిడిలో తన బట్టతల చూసుకుని ఆగిపోయాడు. మర్నాడే ఆవిడని మెరుగు యంత్రం ముందు నిలబెట్టాడు.

అక్కడ కూర్చోనక్కర్లేదు. గుండ్రటి పళ్ళెం గిరగిరా తిరుగుతుంటుంది. దాని మీద గరుకు కాగితం, కాగితం మీద ధారగా నీళ్ళు. బొత్తాం అంత లోహపు బిళ్ళని వేళ్ళతో అదిమి పట్టాలి. ముతక కాగితం అయ్యాక సన్న కాగితం, అదీ అయ్యాక ముఖమల్ గుడ్డ. ఆఖరికి బిళ్ళ అద్దమవుతుంది. అప్పుడు పరిశోధన చేసే పిల్లలు దాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి లోహం లోపల ఏముందో చూసుకుంటారు. ఒక్క గీత అడ్డొచ్చినా చూసింది దండగే. మెరుపక్క చేతి కింద నుంచి వచ్చిన బిళ్ళలో గీత ఉండదని శాఖంతా ఒప్పుకుంది. ఆవిడ కూడా ఒప్పుకుంది, అందరికన్నా ముందే.

అక్కడో పద్ధతి ఉంది. ఎవరూ రాసి గోడకి అంటించింది కాదు. యంత్రానికి ఎడమపక్క బల్ల మీద ఏది పెడితే అది మెరుగుకి వచ్చినట్టు. కుడిపక్క ఉంటే పని అయిపోయినట్టు. నోరు విప్పి చెప్పే పనే లేదు. కొత్తగా చేరినవాళ్ళు కూడా ఒకటి రెండు చీవాట్లు తిని నేర్చేసుకుంటారు.

నేర్చుకోనిది కణాల పిల్ల. ఆ పిల్ల ఈ శాఖది కాదు. రోడ్డుకి అవతల జీవశాస్త్రం వాళ్ళ భవనంలో ఎముక కణాలు పెంచుతుంది. విరిగిన ఎముకలో లోహపు ముక్క వేస్తే, ఒళ్ళు దాన్ని తనదే అనుకుని గట్టిగా పట్టుకోవాలి. దానికి ఆ లోహం ఎలా ఉండాలన్నది ఆ పిల్ల తేల్చాలి. లోహం వీళ్ళది, కణాలు వాళ్ళవి. రెండు శాఖల పెద్దలూ చేతులు కలిపి ఫోటో దిగారు. ఆ ఫోటో తర్వాత పనంతా ఆ పిల్ల ఒక్కతే రోడ్డు దాటుతూ చేస్తోంది.

ఒక ఉదయం ఆ పిల్ల చిన్న డబ్బా పట్టుకుని వచ్చింది. మాస్టారు లోపలికి రమ్మన్నాడు. పెద్దాయన గదిలోకి డబ్బాతో ఎందుకనుకుందో ఏమో, ఖాళీగా కనిపించిన చోట పెట్టి వెళ్ళింది. అది ఎడమపక్క.

మెరుపక్క టీ తాగొచ్చేసరికి డబ్బా ఉంది. మూత తీస్తే టైటానియం బిళ్ళలు, బూడిదరంగులో, కళాకాంతీ లేకుండా. వేలితో రాస్తే పిల్లి నాలుకలా తగిలాయి. అన్నీ ఒకేలా, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. మామూలు గరుకైతే ఒకచోట ఉంటుంది, ఒకచోట ఉండదు. ఇదెవరో కావాలని చేసినట్టుందే అని ఒక్క క్షణం అనిపించింది. అడుగుదామని మాస్టారి గుమ్మం దాకా వెళ్ళింది కూడా. తలుపు వేసి ఉంది. లోపల మాటలు సాగుతున్నాయి. ఆ మాస్టారు నోరు తెరిస్తే మధ్యాహ్నం దాకా మూయడని అందరికీ తెలుసు. కాస్త ఆగాలి. ఆగడం మెరుపక్క వల్ల అయ్యుంటే ఈ గొడవే లేదు. వెనక్కి వచ్చి యంత్రం మీట నొక్కింది.

తలుపు తెరుచుకునేసరికి బిళ్ళలన్నీ కుడిపక్క తళతళలాడుతున్నాయి. మెచ్చుకోలు కోసం చేతులు తుడుచుకుంటూ నిలబడింది మెరుపక్క. కణాల పిల్ల వంగి చూసింది. ఒక్కో బిళ్ళలో ఒక్కో చిన్న మొహం. అన్ని మొహాలూ ఒకేసారి పాలిపోయాయి.

"ఏమ్మా, గీతేమన్నా కనపడిందా?" అంది మెరుపక్క.

"ఆ గరుకే కావాలక్కా నాకు," అంది పిల్ల. "నున్నగా ఉంటే కణాలు పట్టుకోలేవు. జారిపోతాయి."

ఏడ్చి ఉంటే బాగుండేది. ఏడవలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. ఆ గరుకు తేవడానికి బిళ్ళల్ని ఆమ్లంలో నానబెట్టుకుంది. ఇలాంటి లోహం మళ్ళీ పోయడానికి లేదు, కొలిమి పాడై కూర్చుంది. అవతల ఎముక కణాలు ఎల్లుండికి సిద్ధమవుతాయి. అవి ప్రాణం ఉన్నవి, ఇంకో వారం ఆగమంటే ఆగవు, చచ్చిపోతాయి. ఈసారి ఫలితం పెద్దలకి చూపించలేకపోతే రెండు శాఖల పొత్తూ తెగుతుంది, దానితో పాటే ఈ పిల్ల చదువూ ఆగుతుంది.

మాస్టారు గడ్డం గోక్కుని, ఇలాంటివి జరక్కుండా ఏం చెయ్యాలో తేల్చడానికి ఒక సమావేశం పెడదామన్నాడు. మెరుపక్క మాత్రం ఊరుకుంటుందా? మంగలి ముందు తల వంచి కూర్చుని జుట్టు ముట్టుకోవద్దన్నట్టుంది అని గట్టిగానే అంది. పెట్టింది ఎడమపక్కేగా అని అక్కడున్న ప్రతివాడినీ సాక్ష్యం అడిగింది. అందరూ అవునన్నారు. అయినా వేలికొసన ఆ పిల్లి నాలుక తగులుతూనే ఉంది. చీర చెంగుకేసి రుద్దుకున్నా పోలేదు.

పిల్ల అప్పటికే ఇంకో దారి వెతుక్కుంది. బిళ్ళలు కాస్త పలచబడ్డాయి, అంతే. మళ్ళీ ఆమ్లంలో వేస్తే గరుకు వస్తుంది. రేపు పగలంతా నానాలి. కదిపితే మచ్చలు పడతాయి. అయితే ఆమ్లం ఉన్నంతసేపూ మనిషి ఎదురుగా ఉండి తీరాలి, అది రెండు భవనాల్లోనూ నియమం. తానేమో కణాలకి తిండి మారుస్తూ అవతలే ఉండాలి. మిగతావాళ్ళంతా పరీక్షల పనిలో ఉన్నారు.

"నేను కూర్చుంటా," అంది మెరుపక్క.

గదిలో నవ్వు పుట్టింది. మాస్టారు దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. పిల్ల ఒక్కతే నవ్వలేదు.

"నిజంగా కూర్చోగలరా అక్కా? ఏదీ ముట్టుకోకుండా?"

"నాకేం, నడుము లేదా?"

ఇంటికొచ్చి మొగుడి దగ్గర తన బాధ చెప్పుకుంది. ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ తల కూడా ఎత్తలేదు.

"కూర్చున్నవాళ్ళంతా ఊరికే ఉన్నారనుకున్నావు ఇన్నాళ్ళూ. రేపు తెలుస్తుందిలే నా కష్టం."

"చాలు, సంబడం."

"చేతులు తొడల కింద పెట్టుకో. అదొక్కటే మందు," అన్నాడు. పొద్దున్న ఆవిడ సంచీలోంచి గుడ్డముక్క తీసి దాచేశాడు.

లోహాల శాఖలో ఆమ్లం పెట్టే బీరువాకి అద్దం తలుపు ఉంటుంది. లోపల వెడల్పాటి తొట్టి, అడుగున బిళ్ళలు. పిల్ల అన్నీ సర్ది, మరోసారి చెప్పి వెళ్ళింది. మెరుపక్క ఎత్తు పీట మీద కూర్చుంది. కూర్చోగానే మోకాలు ఎగరడం మొదలుపెట్టింది. దాన్ని చేత్తో నొక్కితే రెండోది అందుకుంది. పీట కీచుమంది. సరిగ్గా కళ్ళకెదురుగా, అద్దం మీద, ఎవరిదో వేలిముద్ర జిడ్డుగా ఉంది. దాన్ని తుడిస్తే తలుపు అదురుతుంది, తలుపు అదిరితే తొట్టి కదులుతుంది. చేతులు తొడల కింద పెట్టుకుంది. తల అటు తిప్పితే ఆ ముద్రా అటే వచ్చినట్టుంది.

తొట్టిలో నూకల్లాంటి బుడగలు లేచాయి. మొదట ప్రతి బిళ్ళలోనూ పైకప్పు దీపం సూటిగా కనబడుతోంది. కాసేపటికి దీపం అంచులు చెదిరాయి. ఇంకాసేపటికి దీపం కాస్తా మరకైంది. తాను అద్దం చేసినవాటిని ఎవరో తన ఎదుటే తినేస్తుంటే, కుక్కని తోలినట్టు హుష్ అందామనిపించింది. లేచి రెండు అడుగులు వేసింది. మళ్ళీ వచ్చి కూర్చుంది. పరిశోధన పిల్లాడెవరో తలుపు సందులోంచి తొంగిచూసి, "అక్కా, బతికే ఉన్నావా?" అన్నాడు. వాణ్ణి తిట్టడంతో కొంచెం ప్రాణం తెరిపిన పడింది.

మధ్యాహ్నం దాటాక చూసింది. బుడగలు ఎత్తాయో ఏమో, మూలనున్న బిళ్ళ ఒకటి జరిగి పక్కదాని మీదికి ఒరిగింది. ఆనిన చోట గరుకు రాదు, చిన్నపిల్లకైనా అర్థమవుతుంది. పొడవాటి పటకారు పక్కనే ఉంది. ఇలా అంటే అలా తప్పుకుంటుంది. చెయ్యి తొడ కిందనుంచి తానంతట తానే వచ్చి పటకారు మీద వాలింది.

చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో ఫోను తీసింది.

"రెండు బిళ్ళలు ఒకదానికొకటి ఆనాయమ్మా. జరపనా?"

అవతల పిల్ల గుక్క తిప్పుకుంది. "చేతిలో కణాలున్నాయక్కా, ఇప్పుడు రాలేను. చూడకుండా చెప్పలేను. నేనొచ్చేదాకా ఆగగలరా?"

"ఆగుతా," అంది మెరుపక్క. ఆ మాట నోట్లోంచి రావడానికి పన్ను పీకినంత పనైంది.

ఆ మిగతా పూట ఎలా గడిచిందో ఆవిడకే తెలియాలి. పెదవి కొరుక్కుంది. ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూసింది. ఊళ్ళో ఉన్న తలుపుల పిడులన్నీ తలుచుకుంది.

ఎండ తగ్గాక పిల్ల పరుగున వచ్చింది. బిళ్ళలు తీసి కడిగి ఆరబెట్టింది. అన్నీ బూడిదరంగు, అన్నీ పిల్లి నాలుకలు. ఆ రెండింటి మీదే గోటిముక్కంత మెరుపు మిగిలింది. వాటిని పక్కన పెట్టేసింది.

"జరిపి ఉంటే అవీ దక్కేవా?" అని అడిగింది మెరుపక్క.

"దక్కేవేమో. కదిపినందుకు మిగతావి పోయేవేమో. నాకూ తెలీదక్కా. ఇవి చాలు."

ఆ తర్వాత కొన్నాళ్ళకి పిల్ల ఆవిడని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. అన్నేళ్ళ ఉద్యోగంలో ఆ భవనం మెట్లెక్కడం అదే మొదలు. సూక్ష్మదర్శినిలోకి చూడమంది. మొదట ఏమీ కనపడలేదు. పిల్ల ఏదో తిప్పింది. గరుకు నేల మీద ఒక కణం, నలుదిక్కులా కాళ్ళు బారచాపి, గట్టిగా పట్టుకుని ఉంది. దాని పక్కన ఇంకోటి. పెద్దలు చూసి మళ్ళీ చేతులు కలిపారట. ఫోటో కూడా అయిందట.

"అచ్చం మా ఆయనే," అంది మెరుపక్క. "పిలిచినా లేచేలా లేదు."

కన్ను తీశాక చూస్తే, కన్ను ఆనించే గాజు మీద ఎవరిదో కాటుక మసక. చెయ్యి చెంగు పట్టుకుని సగం దూరం వెళ్ళనే వెళ్ళింది. అక్కడ ఆగింది.

"ఇది తుడవచ్చా?" అంది.

పిల్ల జవాబు చెప్పేదాకా ఆ చెయ్యి అలాగే గాలిలో ఉంది.