మామ్మ పెట్టిన జీడి చుక్కలు

కానిస్టేబుల్ ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కాను. ఇక పరుగు ఒక్కటే మిగిలింది! పొద్దున్నే నౌపడ ఉప్పుమడుల గట్ల మీద పరుగెత్తుతుంటే, మడుల్లో పనిచేసే ఆడవాళ్లు చేతిలో పని ఆపి మరీ హుషారుగా కేకలేసేవారు. మా ఇంట్లో అంతవరకూ ఖాకీ బట్ట వేసుకున్నవాళ్లు లేరు. ఆ ఊహకే నాకు రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు.

పరుగు ఇంకో వారం ఉందనగా గట్టు మీద కాలు మడతపడి మోకాలు పట్టేసింది. మా మామ్మ, అంటే నాన్న తల్లి, నల్లజీడి గింజని దీపం సెగకి కాల్చి, సూదితో గుచ్చి, ఊరిన నూనెతో మోకాలి చుట్టూ చుక్కలు పెట్టింది. చాకళ్లు బట్టల మీద గుర్తు పెట్టేది ఆ గింజతోనే.

"కదలకే. ఆరనీ" అంది. నేనా కదలకుండా ఉండేది!

చుక్కల చోట పొక్కులు లేచాయి. ఎవరూ కంగారుపడలేదు, జీడి పెడితే పొక్కడం మామూలే. కానీ ఓ పొద్దున లేచేసరికి కనురెప్పలు వాచిపోయి, బుగ్గల మీదా మెడ మీదా ఎర్రటి దద్దుర్లు, వాటిలో నీటిపొక్కులు. ఆ దురద పగవాళ్లకి కూడా వద్దు. మామ్మ నా ముఖం చూసి లెంపలేసుకుంది.

"అమ్మోరు ఒచ్చిందర్రా ఇంటికి!"

గుమ్మానికి వేపమండలు కట్టేశారు. తాలింపు మానేశారు. మందు మాట ఎత్తకూడదు, తలకి నీళ్లు పోసేదాకా గడప దాటకూడదు. పరుగేమో ఎల్లుండి! నేను గోల పెడుతుంటే, పుట్టినప్పటి నుంచీ నన్ను 'ఒసే' అని తప్ప పిలవని మామ్మ చేతులు జోడించి, "శాంతించు తల్లీ, నీ బిడ్డలం" అంది. చిన్నప్పుడు ఆవిడ చెల్లెలు అమ్మవారు పోసే పోయింది. ఆ మెత్తటి గొంతుకి నాకు దద్దుర్ల కంటే ఎక్కువ భయమేసింది. తిట్టవే బాబూ అని ఏడ్చేశాను.

సాయంత్రం వేపాకు ముద్ద రాద్దామని అమ్మ నా వీపు చూసి ఆగిపోయింది.

"ఇదేటి? ఈపు మీద ఒక్కటీ నేదు?"

పొట్ట మీదా లేదు! పోయినేడు పక్కింటి పాపకి అమ్మవారు పోసినప్పుడు ముందు పొట్టా వీపే నిండిపోయాయి. అద్దం ముందుకి ఉరికాను. నాకెక్కడెక్కడ లేచాయి? కళ్లు నులుముకునే చోట. మెడ గోక్కునే చోట. కుడి చూపుడువేలి గోటి చుట్టూ సబ్బుకి పోని నల్ల మరక! చుక్కలు ఆరాయో లేదోనని తడిమి చూసిన వేలు అదే. దొంగ దొరికేశాడు!

"అమ్మోరు కాదే మామ్మా, జీడి!"

"జీడి పెట్టిన కాడ పొక్కుతాది గానీ మొకానికి ఎలాగెల్తాది? అలాగనకు తల్లీ" అని మళ్లీ దండం పెట్టింది.

అమ్మ మాత్రం నా వేలు పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత వేపమండలు పక్కకి తోసి, నా తల మీద చున్నీ కప్పి, టెక్కలి ఆటో ఎక్కించేసింది. మామ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది. దారంతా "తప్పయితే శిచ్చ నాకెయ్యి తల్లీ, దాన్నొగ్గీ" అని గొణుగుతూనే ఉంది.

చర్మం డాక్టరమ్మ వీపు చూసింది, వేలు చూసింది, నవ్వేసింది.

"జీడి నూనె పడనివాళ్లకి ఇంతే. ఆ చెయ్యి తగిలినచోటల్లా లేస్తుంది. ఒకరి నుంచి ఒకరికి అంటదు. గోళ్లు కత్తిరించి సబ్బుతో బాగా కడుక్కో. పొక్కులు చిదపకు, గోక్కోకు. చల్లటి తడిగుడ్డ వేసుకో. పసుపూ వేపాకూ రుద్దకు."

మాత్రలూ పూతమందూ రాసింది. పూత తను చెప్పినన్నాళ్లే వాడాలనీ, తగ్గాక షాపులో అడిగి మళ్లీ మళ్లీ కొనుక్కోకూడదనీ గట్టిగా చెప్పింది. నాకు ఇవేవీ సరిగ్గా ఎక్కడం లేదు.

"పరిగెత్తొచ్చా మేడం?"

"మోకాలు నొప్పుందా?"

"లేదు!"

"అయితే పరిగెత్తు."

నేను కుర్చీలోంచి ఎగిరి లేచాను. మామ్మ మాత్రం ఇంటికొచ్చాక కూడా నన్ను 'తల్లీ' అనే పిలిచింది.

శ్రీకాకుళం గ్రౌండ్‌లో నా ముఖం ఇంకా ఉబ్బే ఉంది. వరసలో పక్కనున్న పిల్ల నన్ను చూసి దూరం జరిగింది. "అంటదులే" అన్నాను. కంచె అవతల మామ్మ చేతులు జోడించుకుని నిలబడి ఉంది. విజిల్ మోగింది. నా కాళ్లు పరుగెత్తుతున్నాయి గానీ మనసు ఆ చేతుల దగ్గరే ఉండిపోయింది. ఓసారి అటు చూశాను కూడా.

"ఒసే! ఇటేటి సూస్తన్నావే! పరిగెత్తే!"

అమ్మ బాబోయ్, ఎంత హాయిగా ఉందో ఆ కేక! ఎలా పరుగెత్తానో నాకే తెలీదు, గీత దాటాక కూడా ఆగలేకపోయాను. నా నంబరు పిలిచి పాసన్నారు. చెబుదామని కంచె దగ్గరికి ఉరికితే మామ్మ కంచె సందులోంచి చెయ్యి చాపి నా చేతి మీద ఒక్కటేసింది.

"ఒసే, మొకం గోక్కోకని డాట్రమ్మ సెప్పనేదేటే?"