వెండికాగితం చుట్టిన చెరుకు

చోడవరం బస్టాండులో చెరుకురసం వాసన తగిలితే చిన్నప్పుడు నేను పట్టుకున్న కత్తి గుర్తొస్తుంది.

ఐదో తరగతిలో మా మాస్టారు నాటకం వేయించారు. రాజు వేషం మా క్లాసు రూతుది. ఆ రాజుని పొడిచే ప్రాణస్నేహితుడి వేషం నాది. కత్తేమో వెండికాగితం చుట్టిన చెరుకుముక్క.

"ఒసే, నీకు రాజు మీద కోపం కాదు, రాజ్యం మీద ప్రేమ. మనసులో అదే ఉండాల," అన్నారు మాస్టారు.

నా మనసులో మాత్రం రూతు పెట్టుకునే క్లాస్ లీడర్ బ్యాడ్జీ ఉంది. అది నాకు రాలేదని నా ఏడుపు.

నాటకం రోజు రూతుని పొడిచి, "రాజ్యం కోసమే చంపాను!" అని అరిచాను. జనమంతా నిశ్శబ్దమైపోయారు. నా అబద్ధం అందరికీ తెలిసిపోయిందనుకుని శవం పక్కనే కూలబడి ఏడ్చేశాను.

కళ్లు తెరవకుండానే రూతు గొణిగింది. "ఏటే, ఎందుకేడుస్తన్నావు?"

"బ్యాడ్జీ కోసం పొడిసేనే."

"దానికేనేటి? రేపట్నుంచి రోజు మార్చి రోజు నువ్వెట్టుకో. ముందా కత్తి ఇలాగియ్యి, ఆకలేస్తంది."

తెర పూర్తిగా పడకముందే రాజుగారు కత్తి నమలడం మొదలెట్టారు. సగం నాకిచ్చారు.

రాజ్యం కోసమేనని ఎవరైనా గట్టిగా అంటే, వాళ్ల కన్ను ఏ బ్యాడ్జీ మీదుందోనని ఇప్పటికీ చూస్తాను. వాళ్ల పక్కన ఒక రూతు ఉందేమోనని కూడా చూస్తాను.