నాయన తర్వాత నేను తట్టిన రాయి

మా నాయన సరదా కోసం ఊరు కదిలిన మనిషి కాదు. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కనే మా శిల్పాల శాల. అహోబిలం వెళ్ళే జనం బండ్లు ఆపుకొని, సగం చెక్కిన దేవుళ్ళ మధ్య నిలబడి ఫోటోలు దిగుతారు. మా చేతిలో ఉలి అడిగి తీసుకొని, రాయి మీద ఆనించి, నవ్వుతూ ఇంకో ఫోటో దిగుతారు. "మనల్ని చూసేదానికే జనం వస్తాండారు, మనం పొయ్యి ఎవుర్ని చూడాల?" అనేవాడు నాయన. అలాంటి మనిషిని ఒక ఆదివారం కోయిలకుంట్ల అవతల, శనగ చేలో ఉన్న నిలువురాయిని చూద్దామని బయలుదేరదీశాను. రాజులూ గుళ్ళూ లేని కాలంలో, చనిపోయినవాళ్ళ గుర్తుగా ఎవరో పాతిన రాయి అది. చూడాలని ముచ్చటగా ఉందని ఆయనకు చెప్పాను. అబద్ధం చెప్పాను. ఆయన చెవులు పోయాయని నాకు తెలుసు. ఆ సంగతి ఆయనకు తెలియాలి. నాకు కావలసింది అదొక్కటే, అది తేలకుండా ఆ రోజు ఇంటికి రాకూడదనుకున్నాను.

మా పనిలో చెవుల సంగతి చిన్నది కాదు. గని నుంచి బండ దిగితే శాలలో మిషన్లన్నీ ఆపేస్తారు. మాటలు కూడా ఆగిపోతాయి. ఇంటి పెద్ద చిన్న సుత్తి తీసుకొని తల వచ్చే చోట, నడుము వచ్చే చోట, పాదాలు వచ్చే చోట తట్టి వింటాడు. మంచి రాయి ఖంగుమంటుంది. లోపల పగులుంటే ఆ చోట మాత్రం నెర్రె బారిన కుండ మీద కొట్టినట్టు మొద్దుగా పలుకుతుంది. కంటికి ఏమీ కనిపించదు, చెవికే తెలియాలి. పెద్దాయన "మంచి రాయి" అన్నాడంటే ఇక అంతే. ఆయన తట్టిన రాయిని మరొకరు తట్టకూడదు. తడితే ఆయన మాట మీద నమ్మకం లేదని పదిమందిలో చాటినట్టు. మా తాత తర్వాత నాయన తట్టాడు. నాయన తర్వాత ఎవరనేది ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, ఎత్తినా కూతురి పేరు వచ్చేది కాదు. నేను పాలిష్ పట్టడంతో మొదలుపెట్టి నగలు, గంటలు, పూలదండలు చెక్కేదాకా వచ్చాను. పెళ్ళయి నంద్యాలలో కాపురం పెట్టినా రోజూ పొద్దున్నే బస్సెక్కి శాలకు వస్తూనే ఉన్నాను. తట్టే సుత్తి మాత్రం నా చేతికి రాలేదు.

అంతకు ముందు ఎండాకాలంలో ఒక పెద్ద నంది పని వచ్చింది. నాయన బండను తట్టాడు. మెడ వచ్చే చోట ఆ చప్పుడు నాకు నచ్చలేదు. నాలుగడుగుల దూరంలో ఉన్నాను, స్పష్టంగా విన్నాను. ఆయన ముఖం చూశాను. ముఖంలో మార్పేమీ లేదు. "మంచి రాయి" అన్నాడు. నేను నోరు మెదపలేదు. రెండు నెలల తర్వాత, నంది మెడలో గంటల దండ చెక్కుతుంటే మెడ అడ్డంగా విడిపోయి తలకాయ నా కాళ్ళ ముందు పడింది. పనివాళ్ళందరూ చూస్తుండగా నాయన నాతో, "నీ చెయ్యి బరువు పాపా. మెత్తగా కొట్టాల్సిన కాడ మోదినావు" అన్నాడు. ఆ సాయంత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చొని శిరివెళ్ళ వచ్చేదాకా ఏడ్చాను. ఆ తర్వాత ఏడుపు పోయి కోపం వచ్చింది. సగం ఆయన మీద, సగం నా మీద. వినీ ఊరుకున్నది నేనే కదా.

ఇప్పుడు ఏడడుగుల అమ్మవారి పని వచ్చింది. సోమవారం గనికి వెళ్ళి బండ ఎంచాలి. మళ్ళీ పగులున్న బండ వస్తే శాలకున్న మంచి పేరు పోతుంది, నా చెయ్యి మరోసారి బరువవుతుంది. చిన్నప్పటి నుంచి సుత్తి చప్పుడు, ఆ తర్వాత గ్రైండర్ల రొద, వీటి మధ్య బతికిన చెవులు పోవడంలో వింతేమీ లేదు. వింతంతా ఆయన ఒప్పుకోకపోవడంలోనే ఉంది. నంద్యాలలో డాక్టరుకు చూపిద్దామంటే ససేమిరా అన్నాడు. "నా చెవులకేమైంది? మీరే గొణుగుతాండారు" అన్నాడు. శాలలో ఆయన తర్వాత తట్టి ఆయన పరువు తీయలేను. ఎవరూ చెక్కబోని రాయి, ఎవరి పనీ కాని రాయి అయితే తప్పేముంది? ఆయన తట్టాక నేనూ సరదాగా తట్టి, ఎవరికి ఎలా వినిపించిందో చెప్పుకుందామని అడుగుతాను. అక్కడి నుంచి మాట ఎటు పోతే అటు పోనీ. ఆయన తట్టకుండా ఉంటాడన్న అనుమానం మాత్రం నాకు లేదు. బస్టాండులో సిమెంటు బల్లను కూడా తట్టి చూసి కూర్చునే మనిషి.

కోయిలకుంట్లలో బస్సు దిగి ఆటో మాట్లాడుకున్నాం. మట్టిరోడ్డు అయిపోయిన చోట ఆటో ఆగింది. అక్కడి నుంచి నల్లరేగడిలో గట్టు వెంబడి నడక. శనగ కాయ పట్టింది. ఆకు తగిలి నా చీర అంచు తడిసింది, ఆ తడి వేలితో నాలుకకు ఆనిస్తే పుల్లగా ఉంది. ప్రభుత్వం వాళ్ళ నీలం బోర్డు ఒకటి, అక్షరాలు సగం రాలిపోయి, చేను పక్కన ఒరిగి ఉంది. దాని వెనక రాయి.

నేను వచ్చిన పని కాసేపు మరిచిపోయాను. రెండు నిలువుల ఎత్తు ఉంది, కొద్దిగా పడమటికి వాలింది. కళ్ళూ ముక్కూ లేవు, ఒక గీత లేదు, ఉలి ఆనవాలే లేదు. మొదలు దగ్గర ఎవరో పసుపు రాసి కుంకుమ పెట్టారు. నాయన చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మెడ వెనక్కి వంచి కొన దాకా చూశాడు. "ఒక్క దెబ్బ కొట్టల్యా పాపా. ఉన్నదాన్ని ఉన్నెట్టే నిలబెట్టినారు. మనం ఇంత చెక్కి ఏం సాధించినాం?" అన్నాడు. ఆయన ఇంకొకరి పనిని అంత మెచ్చుకోగా నేను అంతకు ముందు వినలేదు.

చేనుగల ఆవిడ దూరం నుంచి మమ్మల్ని చూసి వచ్చింది. యాభై దాటిన మనిషి, ఒడి నిండా పచ్చి శనగ కాయలు.

"యాడి నుంచి వచ్చినారప్పా?" అంది. ఒక చేలో మాట్లాడితే మూడో చేలో వినిపించే గొంతు, అందుకే నాయనకు అందింది.

"ఆళ్ళగడ్డమ్మా. రాయిని చూసేదానికి వచ్చినాం."

"చూడండి. చెప్పులు ఆడనే ఇడ్సండి. ఇది ఏడాదికింత పెరుగుతాండాది, తెల్సునా? మా అత్త సిన్నప్పుడు ఆయమ్మ నడుము కాడికే ఉన్న్యాదంట."

నాయన నవ్వు దాచుకోవడానికి దగ్గాడు. చెప్పులు విడిచాడు. సంచిలోంచి చిన్న సుత్తి తీసి రాయిని ఒక్కసారి తట్టాడో లేదో, ఆవిడ కేక వేసింది.

"ఏందప్పా, దేవున్ని సుత్తితో కొడతాండావు!"

"కొట్టల్యా తల్లీ, తట్టి చూస్తాండా. రాళ్ళ పనోళ్ళం మేము. బొమ్మలు చేస్తాం."

ఆవిడ ముఖం తేటపడింది. "అట్లయితే నువ్వే చెప్పు. రాయి వాలిపోయింది గదా. శుక్రారం జేసీబీ తెప్పించి, నిలువుగా లేపి, సుట్టూ సిమెంటు గద్దె కట్టిద్దామనుకుంటాండాం. మొక్కుకున్న్యా. లేపితే ఏమన్నా అయితాదా?"

నేను అనుకొని వచ్చిన సరదా పరీక్ష కాదిది. ఆయన ఒక మాట అంటే, దాన్ని పట్టుకొని శుక్రవారం జేసీబీ వస్తుంది.

నాయన ఆవిడను పక్కకు జరగమని మూడు చోట్ల తట్టాడు. చెయ్యి అందినంత ఎత్తులో ఖంగుమంది. నడుము ఎత్తులో ఖంగుమంది. వాలిన వైపు, మోకాలి ఎత్తులో తట్టినప్పుడు చప్పుడు చచ్చిపోయింది. నంది మెడ దగ్గర విన్నది అదే. నాయన ముఖం చూశాను. ఏమీ లేదు.

"మంచి రాయి. బేషుగ్గా లేపుకోండి, ఏం కాదు" అన్నాడు.

"సుత్తి ఇట్ల ఇయ్యి నాయనా" అన్నాను.

ఆయన ఇవ్వలేదు. చేతిలోంచి లాక్కున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళ బతుకులో ఆయన చేతిలోంచి నేను లాక్కున్న వస్తువు అదొక్కటే. వంగి అదే చోట తట్టాను, ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ తర్వాత రెండో వైపు వెళ్ళి అదే ఎత్తులో తట్టాను. అటు ఖంగుమంది.

"లేపొద్దమ్మా," గట్టిగా అన్నాను చేనుగల ఆవిడతో. "లోపల పగులుంది. జేసీబీ తగిలితే మోకాలి కాడికి ఇరుగుతాది."

నాయన ముఖం ఎర్రబడింది. "నేను తట్టినాక తడతావా? మంది ముందర? భూమిలో పాతిన రాయి మొదలు కాడ అట్లనే మెత్తగా పలుకుతాది. నాకు నేర్పుతాండావా?"

"అట్ల పలికితే రెండో పక్క కూడా పలకాల గదా. పలకల్యా. నీకు ఇనపళ్ళేదు నాయనా." సుత్తి ఇంకా నా చేతిలోనే ఉంది. "ఇప్పుడే గాదు, నంది కాడ కూడా ఇనపళ్ళేదు."

ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా గట్టు మీదికి వెళ్ళి నిలబడ్డాడు. ఆవిడ ఒడిలో కాయలు పట్టుకొని నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసింది. పెద్దమనిషి లేపమంటున్నాడు, ఆడమనిషి వద్దంటోంది. ఆవిడ ఎవరి మాట నమ్ముతుందో నాకు తెలుసు. మాటలతో పని జరగదని సంచిలోంచి నీళ్ళ సీసా తీశాను. సగం తాగి మిగిలినవి చాలలేదు. ఆవిడను బతిమాలి బోరు దగ్గర నుంచి బిందెడు నీళ్ళు తెప్పించుకొని, రాయి మొదలంతా తడిచేలా పోశాను. పసుపు కుంకుమలు కారిపోతుంటే ఆవిడ లెంపలు వేసుకుంది. నేనూ వేసుకున్నాను.

ఇక రాయి ఎండకు ఆరేదాకా ఎదురుచూశాం. ఇది కూడా నాయన నేర్పిన విద్యే. తడిసిన రాయి పైపైన ఆరిపోతుంది, పగులు తాగిన నీళ్ళు మాత్రం అంత తొందరగా ఆరవు. రాయి మచ్చలు మచ్చలుగా తెల్లబడింది. మోకాలి ఎత్తు నుంచి ఏటవాలుగా భూమి దాకా, వెంట్రుక మందాన ఒక నల్లటి గీత మిగిలింది.

నేను పిలవలేదు. పిలిచినా వినిపించేది కాదు. ఆయనే వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చొని బొటనవేలు ఆ గీత మొదట పెట్టి భూమి దాకా నడిపించాడు. మళ్ళీ పైకి నడిపించాడు. లేచి చేనుగల ఆవిడతో, "తల్లీ, లేపొద్దు. వాలినెట్టే ఉండనీ. దూరంగా చిన్న కట్ట పోసుకో, సిమెంటు తాకించొద్దు. నేను చెప్పింది తప్పు" అన్నాడు. ఆవిడ మా ఇద్దరి చేతుల్లో చెరో గుప్పెడు కాయలు పోసింది.

కోయిలకుంట్ల బస్టాండులో నా పక్కన కూర్చొని అడిగాడు.

"నంది మెడ కాడ నీకు ఇనపడిందా పాపా?"

"ఇనపడింది నాయనా."

"మరి ఆ పొద్దే ఎందుకు చెప్పల్యా?"

"నువ్వు తట్టినాక ఎవురూ తట్టగూడదు గదా."

"తట్టగూడదనే గదా అనింది. చెప్పగూడదని ఎవురన్న్యారు?"

ఇన్ని నెలలు ఆయన మీద మోసిన కోపంలో నా వాటా ఎంతో అప్పుడు తెలిసింది. భయపడ్డానని చెప్పాను. బస్సు హారన్ల మధ్య ఆయనకు వినిపించలేదేమోనని మళ్ళీ గట్టిగా చెప్పాను. పక్క బల్ల మీద వాళ్ళు తిరిగి చూశారు. నాయన తల ఊపాడు.

సోమవారం గనికి ఇద్దరం వెళ్ళాం. మిషన్లు ఆపించింది నాయనే. నా చేతికి సుత్తి ఇచ్చి మూడడుగులు వెనక్కి జరిగాడు. మొదటి బండ వద్దన్నాను. రెండోదీ మూడోదీ వద్దన్నాను. నాలుగోది కూడా వద్దనేసరికి గని మేస్త్రీకి విసుగొచ్చింది. పనివాళ్ళందరూ పని మానుకొని నిలబడి ఉన్నారు.

"ఏందన్నా ఇది? ఒకతూరి నువ్వు తట్టి చెప్పరాదా?" అన్నాడు మేస్త్రీ, నాయన ఎదుట నిలబడి ఆయన ముఖంలోకి చూస్తూ.

నాయన అందరికీ వినిపించేలా అన్నాడు: "నాకు ఇనపడదప్పా. చెవులు పొయ్యినాయి. మా పాపకు ఇనపడతాది."

నేను ఐదో బండ దగ్గరికి నడిచాను.