ఒకటో నంబరు జొన్నలు

1962లో నేను ఆదిలాబాద్ జిల్లాలో, ఉట్నూర్ దారిలోని ఒక ఊళ్లో ప్రభుత్వ విత్తనాల డిపోకు స్టోర్‌కీపర్‌ని. జొన్న విత్తనాలు రెండు రకాలు వచ్చేవి. కాటుక తెగులు రాకుండా విషపు పొడి పట్టించినవి ఒక రకం, వాటిని మా శాఖలో ట్రీటెడ్ సీడ్ అనేవాళ్లం. పొడి పట్టించని ఉత్త గింజలు రెండో రకం. బస్తాల మీద మాత్రం ‘ఒకటో నంబరు’, ‘రెండో నంబరు’ అని ఉండేది, అంతే. రాసుకోవడానికి ఆఫీసు వాళ్లకు సుఖం.

విత్తుళ్లు అయిపోయాక ఒక పొద్దున రాజవ్వ అనే రైతమ్మ సంచి పట్టుకుని వచ్చింది.

“ఒకటో నంబరు జొన్నలు ఇంకిన్ని ఇయ్యి సారూ.”

“చేనంతా విత్తినవ్ గదా, ఇంకెక్కడ పోస్తవ్?”

“విత్తుటానికి గాదు. మా కోడలు నిండు నెలలతోటి ఉన్నది. ఒకటో నంబరంటే అన్నిట్ల మంచివాయె. విత్తంగ మిగిలినయి పిండి ఇసిరిన, అది రొట్టెలు జేస్తున్నది.”

నా పైప్రాణాలు పైనే పోయాయి. సైకిల్ తీసి ఆమెకంటే ముందే వాళ్లింట్లో పడ్డాను. కోడలు పొయ్యి ముందు కూర్చుని రొట్టె కాలుస్తోంది.

“తిన్నవా అమ్మా?” అని అరిచాను.

పిల్ల బెదిరిపోయింది. “లేదన్నా, అత్త రానీ అని ఆగిన.”

రొట్టెలూ పిండీ దొడ్లో గొయ్యి తీసి పూడుస్తుంటే రాజవ్వ రొప్పుతూ వచ్చింది. “రొట్టెను మట్టిల కలుపుతవా? పాపం తగుల్తది!” అని మీదికి వచ్చింది. సంగతి చెప్పాను. అక్కడే కూలబడింది.

“విషమని ఒక్కలన్న జెప్పకపోతిరి గదా సారూ” అంది.

మర్నాడే మా ఆఫీసరు ముందు నిలబడి, బస్తాల మీద పేరు మార్చాలన్నాను.

“విత్తనం అని రాస్తే చాలదా?” అన్నాడాయన.

“చాలదు సార్. ఇక్కడ విత్తగా మిగిలినవి వండుకుంటారు. ‘విషం జొన్నలు’ అనే రాయాలి.”

“అలా రాస్తే ఎవరు తీసుకెళ్తారయ్యా? డిపో మూసుకోవాలి.”

“మూసుకుందాం సార్. ఆ పేరు రాయందే నేను ఒక్క బస్తా బయటికివ్వను.”

మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు. ఆయన మంచివాడే. విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. కుంచె పట్టి ప్రతి ఒకటో నంబరు బస్తా మీదా నేనే ‘విషం జొన్నలు’ అని రాశాను. చదువు రానివాళ్ల కోసం పుర్రె బొమ్మ కూడా వేశాను. దాన్ని చూసి మా ప్యూను నన్ను శ్మశానం సారు అని ఏడిపించేవాడు.

మరుసటి ఏడు మృగశిర వానలకు డిపో ముందు జనం నిండారు. మనవణ్ణి చంకనేసుకుని రాజవ్వ వచ్చింది.

“విషం జొన్నలియ్యి సారూ” అని అందరికీ వినబడేలా అడిగింది.

పక్కామె ఉలిక్కిపడింది. “విషమా?”

“అవ్. చేన్ల పోసేటియి, తినేటియి గాదు. మిగిలితే బొందవెట్టాలె.”

ఆ యేడు విత్తనం ఒక్క బస్తా కూడా మిగల్లేదు. సరుకుకు పేరు పెట్టేముందు అది చివరికి ఎవరి పొయ్యి దగ్గరికి చేరుతుందో చూడాలని ఆ ఇంటి దగ్గరే నేర్చుకున్నాను. నేను తూకం వేస్తుంటే రాజవ్వ చంకలోంచి వంగి ఆ పిల్లవాడు నా మీసం పట్టి లాగాడు. లాగనిచ్చాను.